చేతులు కట్టుకున్న విమర్శకులకు చేతులెత్తి దండం

అయ్యా, అమ్మా, స్వతంత్ర నిర్మాతల ఇండీ గేముల విమర్శక శిఖామణులారా, ముందుగా మీకో సాష్టాంగం. మీ పుణ్యాన ఈ లోకంలో ఆడేవాళ్ల కంటే అర్థాలు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. పది నిమిషాల ఆటకు పది పేజీల భాష్యం దొరుకుతోంది. ఆ ఆటలో ఏం చేయాలో, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో మాత్రం ఆ పది పేజీలూ తిరగేసినా తెలియదు. అంత చిన్న విషయాలు మీ స్థాయికి తగవు మరి.

ఒక ముసలావిడ సంగతి చెబుతాను. బెల్జియంలోని ఘెంట్ నగరంలో ఆరియా హార్వీ, మికాయెల్ సామిన్ అనే దంపతులు 'టేల్ ఆఫ్ టేల్స్' పేరుతో గేములు చేసేవాళ్లు. 2008లో 'ది గ్రేవ్‌యార్డ్' అని ఒకటి వదిలారు. కర్ర పట్టుకున్న ముసలావిడ శ్మశానంలో నడుస్తుంది. నడిపించేది మనమే. కీ నొక్కి పట్టుకుంటే ఆవిడ ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ బెంచీ దాకా వెళ్తుంది. కూర్చోగానే ఒక పాట వస్తుంది. పాట అయ్యాక లేపి వెనక్కి తీసుకురావాలి. ఆట ఇంతే. ఉచితంగా ఇచ్చిన దాంట్లో ఆవిడకు ఏమీ కాదు. ఐదు డాలర్లు పెట్టి కొనుక్కున్నవాళ్లకు ఒకే ఒక్క సౌకర్యం అదనం: ఆవిడ చనిపోయే అవకాశం.

చావును ప్రీమియం ఫీచరుగా అమ్మడం కంటే గడుసు వ్యంగ్యం ఇంకేం కావాలి? డబ్బు కట్టి, బెంచీ దగ్గర వేలు కీ మీద పెట్టుకుని, ముసలావిడ లేస్తుందా లేవదా అని ఎదురుచూసే మనిషిని ఆ ఆట ఎంత ఇబ్బందిలో పెడుతుందో ఆలోచించండి. మీరు ఆలోచించారు. ఆలోచించి, ఇది గేమా కాదా అని పంచాయితీ పెట్టారు.

ఆ పంచాయితీ ఇంకా లేవలేదు. అదే 2008లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డాన్ పించ్‌బెక్, 'హాఫ్-లైఫ్ 2' అనే తుపాకుల ఆట ఇంజిన్ తీసుకుని, అందులోంచి తుపాకులన్నీ పీకేసి, స్కాట్లండు తీరాన ఒక నిర్మానుష్య ద్వీపంలో మనల్ని వదిలేశాడు. నడవడం, వినడం, చూడడం తప్ప చేయడానికి ఏమీ లేదు. 'డియర్ ఎస్తర్' అన్న ఆ ఆటకు మెరుగులు దిద్ది 2012లో అమ్మకానికి పెట్టారు. కాల్చడానికి ఏమీ దొరకని ఆటగాళ్లు చేతులు దురద పెట్టి దాన్ని 'వాకింగ్ సిమ్యులేటర్' అని వెక్కిరించారు. ఆ వెక్కిరింతే ఇప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఒక విభాగం పేరు. వాళ్లను మోటువాళ్లని మీరు ఈసడించారు గానీ, ఆ మోటువాళ్లే కనీసం చేతి గురించి మాట్లాడారు. నా చేతికి పని లేదు మొర్రో అన్నారు. మీరు స్మృతి అన్నారు, విషాదం అన్నారు, భూదృశ్య కవిత్వం అన్నారు. పరుగెత్తే బటన్ ఎందుకు లేదు, నడక అంత నెమ్మదిగా ఎందుకుంది, అడుగు నెమ్మదిస్తే చూపు ఎక్కడ ఆగుతుంది అని మీలో ఎందరు అడిగారో చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్లు కూడా మీకు జేబుల్లోనే ఉన్నాయి.

గేములను ఆడకుండా తీర్పు చెప్పినవాళ్లలో సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌ది పెద్ద పేరు. వీడియో గేములు ఎన్నటికీ కళ కాలేవని ఆయన 2010 ఏప్రిల్‌లో రాశాడు. కెల్లీ శాంటియాగో అనే గేమ్ నిర్మాత ఒక ప్రసంగంలో చూపించిన ముక్కలు చూసి, ఒక్కటీ ఆడకుండానే కొట్టిపారేశాడు. అమెరికాలో గేములు ఆడే కుర్రకారంతా ఆయన మీద విరుచుకుపడింది. జూలైలో మళ్లీ కలం పట్టి, ఆడని వాటి గురించి నోరు విప్పడం తెలివితక్కువ పని అని ఒప్పుకున్నాడు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. పెద్దమనిషి తరహా అది. ఆడలేదు, ఆడలేదనే చెప్పాడు. మీరంతా ఆడారు. ఆడిన ఆనవాలు మీ రాతల్లో ఎక్కడా పడకుండా జాగ్రత్త పడ్డారు.

నా గోడంతా ఇక్కడే ఉంది. గేమ్ చేసినవాడు సగం వాక్యమే రాస్తాడు. మిగతా సగం ఆడేవాడి వేళ్లు పూర్తి చేస్తాయి. మీరు మొదటి సగం చదివి, రెండో సగం చోట మీ డిగ్రీ పట్టా అతికిస్తున్నారు.

దీనికి పెద్దల ఆశీస్సులు కూడా ఉన్నాయి. టెట్రిస్ తీసుకోండి. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ చేసిన ఆట అది. పైనుంచి దిమ్మలు పడతాయి, తిప్పి సర్దాలి, వరస నిండితే మాయమవుతుంది. 1997లో పరిశోధకురాలు జానెట్ మర్రే 'హామ్లెట్ ఆన్ ద హోలోడెక్' పుస్తకంలో ఆ ఆటను 1990లలో పని ఒత్తిడితో ఊపిరాడని అమెరికన్ల బతుకుకు ప్రతిరూపంగా చదివారు. అంటే ఆ పజిత్నోవ్ మహానుభావుడు బ్రెజ్నెవ్ పోయిన రెండేళ్లకు మాస్కోలో కూర్చుని, పదేళ్ల తర్వాత ఏ షికాగో గుమాస్తా బల్ల మీదో పేరుకోబోయే ఫైళ్లను దివ్యదృష్టితో చూసి దిమ్మలు రాల్చాడన్నమాట. ఆ పుస్తకంలో నిజంగా ముందుచూపున్న అధ్యాయాలు ఉన్నాయి. జనానికి ఆ దిమ్మల ముచ్చటే గుర్తుండిపోయింది. రాసినవాళ్ల ఖర్మ.

దీనికి విరుగుడుగా ఉత్తర ఐరోపా నుంచి ఇంకో సైన్యం దిగింది. 2001 జూలైలో నార్వేకు చెందిన ఎస్పెన్ ఆర్సెత్ సంపాదకుడిగా 'గేమ్ స్టడీస్' అనే పరిశోధన పత్రిక మొదలైంది. మొదటి సంచికలోనే ఫిన్లండు పండితుడు మార్కు ఎస్కెలినెన్, మర్రే గారి టెట్రిస్ వ్యాఖ్యానాన్ని ఉతికి ఆరేశాడు. నీ మీదికి బంతి విసిరితే పట్టుకుంటావు గానీ, అది కింద పడి కథ చెబుతుందని కూర్చుంటావా అన్నది ఆయన వాదనలో సారం. భలే మాట. ఆ మాట దగ్గర ఆగి, బంతి ఎలా పట్టుకుంటామో చెప్పుంటే బాగుండేది. ఆగలేదు. ఆట పక్షమా, కథ పక్షమా అని రెండు మఠాలు వెలిశాయి. 2003లో గొంజాలో ఫ్రాస్కా అనే పరిశోధకుడు అసలు ఈ చర్చ జరగనే లేదని పత్రం సమర్పించాడు. జరగని ఆ చర్చ మీద 2005లో మర్రే 'చివరి మాట' అనే శీర్షికతోనే ప్రసంగించారు. చివరి మాట అయిపోయిన పన్నెండేళ్లకు, 2017 ఏప్రిల్‌లో, ఇయాన్ బోగోస్ట్ అనే గేముల పండితుడు 'ది అట్లాంటిక్' పత్రికలో కథలు లేకపోతేనే వీడియో గేములు బాగుంటాయని మళ్లీ మొదలుపెట్టాడు. మన టీవీ ధారావాహికలు ఈ పట్టుదల చూసి నేర్చుకోవాలి.

బోగోస్ట్ తన వాదనకు ఎంచుకున్న గేమ్ 'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్'. కథ చెప్పడంలో సినిమా, టీవీ, పుస్తకం ఎప్పుడూ ముందుంటాయి, గేములకు ఆ పోటీ ఎందుకు అని ఆయన బాధ. ఆయన తెలివైనవాడే. కానీ ఆ గేమ్‌లోనే చేపల కార్ఖానా ఘట్టం ఒకటుంది, దాని ముందు ఆ వాదన నిలబడదు. లూయిస్ ఫించ్ అనే కుర్రాడు కార్ఖానాలో చేపల తలలు కోస్తుంటాడు. కంట్రోలర్ కుడి స్టిక్‌తో చేపను పట్టుకోవాలి, కత్తి కిందికి జరపాలి, తల తెగాక అవతలికి విసరాలి. మళ్లీ చేప. మళ్లీ కత్తి. ఇంతలో వాడి మనసులో ఒక ఊహాలోకం పుడుతుంది. తెర మూల చిన్న దారి కనబడుతుంది. అందులో వాడి ఊహామనిషిని ఎడమ స్టిక్‌తో నడపాలి. ఆ ఊహ పెరిగి పెరిగి నగరమై, రాజ్యమై తెరంతా కమ్మేస్తుంది. చేప కనబడదు, కత్తి కనబడదు. మన ఎడమ చెయ్యి రాజ్యాలు జయిస్తుంటుంది. మన కుడి చెయ్యి మాత్రం, ఎవరూ చెప్పకపోయినా, కంటికి కనబడని చేపలను కోస్తూనే ఉంటుంది. బతుకుతెరువు పని మనిషిని ఏం చేస్తుందో ఆ క్షణాన మన మణికట్టుకు తెలుస్తుంది. ఏ సినిమా దర్శకుడినైనా రమ్మనండి, నా కుడి చేతిని నాకు తెలియకుండా కూలికి పెట్టమనండి, చూద్దాం.

ఈ గేమ్‌కు 2018లో బాఫ్టా ఉత్తమ గేమ్ పురస్కారం వచ్చింది. దాని గురించి రాసిన మీ వాక్యాల్లో 'కుటుంబ శాపం', 'మరణ ధ్యానం' అన్నవి ఎన్నిసార్లు వచ్చాయో నేను లెక్కపెట్టలేదు, ఓపిక లేదు. కుడి స్టిక్ మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

బోగోస్ట్‌ను వదిలేసే ముందు ఒక పిట్టకథ. 2010లో ఆయన ఫేస్‌బుక్ ఆటలను ఎగతాళి చేయడానికి 'కౌ క్లికర్' అని ఒకటి చేశాడు. తెర మీద ఒక ఆవు. దాన్ని ఆరు గంటలకు ఒకసారి నొక్కొచ్చు. నొక్కితే ఒక నొక్కుడు లెక్కలో చేరుతుంది. ఎంత అర్థం లేని పనో జనం గ్రహిస్తారని ఆయన ఆశ. జనం వేలల్లో వచ్చి శ్రద్ధగా నొక్కారు. డబ్బు పెట్టి రకరకాల ఆవులు కొన్నారు. విసిగిపోయి 2011లో ఆవులన్నింటినీ మాయం చేస్తే, ఆవు లేని ఖాళీ చోటును కూడా నొక్కినవాళ్లున్నారు. వ్యంగ్యం రాసే మాలాంటి వాళ్లకు ఆ ఖాళీ చోటు తలచుకుంటే నిద్ర పట్టదు.

మీలో ఒకాయన చేతి గురించి నిజంగానే మాట్లాడాడు. చూడండి ఆయన మాటకు ఏ గతి పట్టించారో. క్లింట్ హాకింగ్ గేమ్ డిజైనర్. 2007లో 'బయోషాక్' ఆడి ఒక సందేహం లేవనెత్తాడు. ఆట నడిచే తీరు స్వార్థం చూసుకొమ్మంటోంది. చిన్నపిల్లల ప్రాణం పిండుకుని బలం పెంచుకునే బటన్ ఇస్తోంది. కథ మాత్రం నా ఇష్టం అడగకుండా నన్ను వేరొకడికి సాయం చేయమంటోంది. చేతికీ కథకూ పొత్తు కుదరడం లేదని ఆయన ఫిర్యాదు. దానికి 'లూడోనరేటివ్ డిసొనెన్స్' అని పేరు పెట్టాడు. అదే ఆయన చేసిన తప్పు. పేరు పలకడానికి గంభీరంగా ఉండేసరికి మీకు మంత్రం దొరికింది. హీరో బిర్యానీ తింటూ నవ్వినా డిసొనెన్స్, పిట్టను కాల్చి పాట పాడినా డిసొనెన్స్. చివరికి 2016లో 'అన్‌చార్టెడ్ 4' అనే భారీ గేమ్ చేసినవాళ్లు, వెయ్యి మందిని చంపిన ఆటగాడికి ఇచ్చే ట్రోఫీకి ఆ పేరే పెట్టారు. మీ అస్త్రాన్ని వాళ్లు పతకంగా పోత పోసి పిల్లకాయల మెడలో వేశారు. మీరు దాని మీద కూడా వ్యాసాలు రాశారు.

జోనథన్ బ్లో చేసిన 'బ్రెయిడ్' మీద వచ్చిన విమర్శల్లో నాకు బాగా నచ్చింది ఎవరిదో చెబితే మీరు కోప్పడతారు. సోల్జా బాయ్ అనే అమెరికన్ ర్యాపర్‌ది. 2008లో వచ్చిన ఆ గేమ్‌లో ఒక బటన్ నొక్కితే కాలం వెనక్కి తిరుగుతుంది. సోల్జా బాయ్ ఒక వీడియోలో ఆ ఆట ఆడుతూ దూకుతాడు, చస్తాడు, బటన్ నొక్కి వెనక్కొస్తాడు, పగలబడి నవ్వుతాడు. ఇందులో అర్థమేమీ లేదని చెప్పి మళ్లీ నొక్కుతాడు. 2012లో వచ్చిన 'ఇండీ గేమ్: ద మూవీ' డాక్యుమెంటరీలో ఈ ముక్క చూపిస్తారు, తన ఆట ఎవరికీ సరిగా అర్థం కాలేదని బ్లో పడ్డ బెంగ పక్కన. ఆ గేమ్ అణుబాంబు గురించా, విడిపోయిన ప్రేమ గురించా అని మీరు కొట్టుకుంటున్నప్పుడు, ఆ బటన్ నొక్కడంలోని సరదాను పట్టుకున్నవాడు ఆయన. చివరి ఘట్టం గుట్టు కూడా అక్కడే ఉంది. రాకుమారి మనకు దారి చూపిస్తూ సాయం చేస్తోందని ఆశపడతాం. కాలాన్ని వెనక్కి తిప్పితే, ఆమె మన నుంచి పారిపోతోందని తెలుస్తుంది. అన్నాళ్లూ మన తప్పులను దిద్దిన బటనే మన తప్పును బయటపెడుతుంది. అణుబాంబు ప్రస్తావన ఆ గేమ్‌లో ఉంది, కాదనను. బటన్ దాటి అక్కడికి వెళ్లకుండా ఉంటే చాలు.

ఇక లెక్కల మాస్టార్లు. పోర్ట్‌లండ్‌లోని ఫుల్‌బ్రైట్ కంపెనీ 2013లో 'గాన్ హోమ్' విడుదల చేసింది. 1995లో ఒక రాత్రి, విదేశం నుంచి తిరిగొచ్చిన అమ్మాయి ఖాళీ ఇంట్లో సొరుగులు తెరిచి చెల్లెలి సంగతి తెలుసుకుంటుంది. ధర ఇరవై డాలర్లు, ఆట సుమారు రెండు గంటలు. గంటకు పది డాలర్లా అని గగ్గోలు. మన సినిమా సమీక్షల్లో 2.75కూ 3కూ మధ్య తేడా తేల్చే మేధావుల వారసులు ఖండాంతరాల్లోనూ ఉన్నారని ఆ గగ్గోలు విన్నాకే తెలిసింది. 2015 జూన్‌లో స్టీమ్ ఈ గణితాన్ని చట్టం చేసింది: కొన్న పద్నాలుగు రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే డబ్బు వాపసు. రెండు గంటల్లో ముగిసే గేమ్‌ను పూర్తిగా ఆడి, ఏడ్చి, మెచ్చుకుని, డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. 2021లో ఎమికా గేమ్స్ అనే చిన్న నిర్మాణసంస్థ, తన గంటన్నర గేమ్‌కు మెప్పులు వస్తూనే వాపసులు కూడా కుప్పలుగా వస్తున్నాయని చెప్పి గేముల పని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దీని మీద మీరు గొంతు చించుకుంటారనుకున్నాను. మీరు అప్పటికి ఏడాది ఉత్తమ జాబితాలో మునిగి ఉన్నారు.

కన్నీళ్ల విషయంలో కాసేపు నవ్వడం మానేస్తాను. రయాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్ క్యాన్సర్‌తో ఐదేళ్ల వయసులో పోయాడు. వాళ్లు చేసిన గేమ్ 'దట్ డ్రాగన్, క్యాన్సర్' 2016 జనవరిలో వచ్చింది. ఆసుపత్రి గదిలో పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తుంటాడు. రసం ఇస్తాం, ఎత్తుకుంటాం, అటూ ఇటూ తిప్పుతాం. ఆగడు. ఆటల్లో బటన్ నొక్కితే ఏదో ఒకటి జరుగుతుందన్న మన జీవితకాలపు నమ్మకం ఆ గదిలో పనిచేయదు. ఆ తండ్రి చేతులు ఎలా ఉండి ఉంటాయో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మీరు 'నేను ఏడ్చాను' అని రాశారు. నమ్ముతాను. మీ కన్నీటి వృత్తాంతం మూడు పేరాలు, ఏ బటనూ పనిచేయని సంగతి అరవాక్యం. ఆ గేమ్‌ను ఇతరులు ఆడుతుంటే వీడియోల్లో చూసి ఏడ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారని, కొన్నవాళ్లు చాలా తక్కువని నిర్మాతలు తర్వాత వాపోయారు. చూడటమే చాలని, ఆడక్కర్లేదని వాళ్లకు నేర్పిందెవరు?

ముసలావిడను శ్మశానంలో నడిపించిన ఆ ఘెంట్ దంపతుల సంగతేమైందంటారా. ఈసారి మీకు నచ్చేట్టు చేద్దామనుకున్నారు. 2015లో 'సన్‌సెట్' తెచ్చారు. 1972, ఒక కల్పిత లాటిన్ అమెరికా దేశం, బయట విప్లవం. మనం ఒక ధనవంతుడి ఇంట్లో పనిమనిషి. సూర్యాస్తమయ వేళ వెళ్లి గిన్నెలు, బట్టలు, కిటికీలు చూసుకోవాలి. అదే పనిని ఆప్యాయంగా చేయొచ్చు, ముభావంగానూ చేయొచ్చు. చరిత్రను పనిమనిషి చేతుల్లోంచి చూపించే గేములు ఎన్ని ఉన్నాయి గనుక? గేములు ఎదగాలి, రాజకీయం మాట్లాడాలి, తుపాకీ దించాలి అని పదేళ్లుగా మీరు కోరినవన్నీ అందులో ఉన్నాయి. ముందే చందా కట్టినవాళ్లతో కలిపి నాలుగు వేల పైచిలుకు కాపీలు అమ్ముడయ్యాయి. ఇక అమ్మకం కోసం గేములు చేయబోమని చెప్పి ఆ దంపతులు వెళ్లిపోయారు. మీరు నివాళి రాశారు. నివాళుల్లో మీకు సాటి లేదు.

ఇక్కడ మీ ఇంటి అద్దం లాంటి గేమ్ ఒకటి గుర్తుచేయాలి. డేవీ రెడెన్ 2015 అక్టోబరులో విడుదల చేసిన 'ది బిగినర్స్ గైడ్'. కథకుడి పేరు కూడా డేవీయే. కోడా అనే మిత్రుడు చేసిన చిన్న చిన్న గేములను మనకు ఒక్కొక్కటిగా చూపిస్తూ, ఇదిగో దీని అర్థం ఇది, ఇక్కడ అతని ఒంటరితనం చూడండి అని చెవిలో వాగుతుంటాడు. ఒక గేమ్‌లో మెట్లెక్కే కొద్దీ నడక మందగిస్తుంది. అంతసేపు మీకెందుకు శ్రమ, ఈ బటన్ నొక్కండి, వేగం మామూలైపోతుంది అంటాడు. ఇంకో గేమ్‌లో జైలు గదిలో గంటసేపు ఉండాలి. నేను దాటించేస్తాను అంటాడు. అంటే కోడా మన చేతికి ఇచ్చిన సగం వాక్యాన్ని ఊడబీకి, ఆ ఖాళీలో తన వ్యాఖ్యానం నింపుతాడు. ఒక్కో గేమ్ చివర ఒక దీపస్తంభం కనబడుతుంది. చూశారా, అన్ని ఆటలకూ ఒకే గమ్యం, ఎంత లోతు అని మురిసిపోతాడు. చివరికి కోడా గోడ మీద రాసిపెట్టిన మాటలు మనకు ఎదురవుతాయి. నా ఆటలను నన్నడక్కుండా జనానికి చూపించకు, వాటిలో దీపస్తంభాలు పాతడం మానెయ్ అని వాటి సారం. ఆ స్తంభాలు పాతింది డేవీయే.

విమర్శకుల మీద ఇంతకంటే పెద్ద చెంపదెబ్బ ఏ కళలోనూ పడి ఉండదని నా నమ్మకం. ఎర్రబడ్డ చెంపతో మీరేం చేశారు? దీపస్తంభం దేనికి ప్రతీక అని వ్యాసాలు రాశారు. కోడా నిజమైన మనిషేనా, అయితే ఈ గేమ్ కొనడం దొంగసొమ్ము కొనడమే కదా అని ధర్మసందేహాలు లేవదీశారు. మెట్ల మీద నడక మందగించినప్పుడు, ఆ వేగం బటన్ నొక్కానా లేదా అన్నది మీలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. నొక్కే ఉంటారు.

రెడెన్ మిమ్మల్ని అంతటితో వదల్లేదు. ఆయన పాత గేమ్ 'ది స్టాన్లీ పేరబుల్' కొత్త రూపం 2022లో వచ్చింది. అందులో కథకుడు పాత పొగడ్తలను కొలువు పెట్టి మురిసిపోతుంటాడు. ఇంతలో, వీడు మరీ వాగుతున్నాడన్న ఆటగాళ్ల ఫిర్యాదులు కనబడతాయి. చిన్నబుచ్చుకుని, ఉపన్యాసం దాటేయడానికి ఒక స్కిప్ బటన్ అమరుస్తాడు. నొక్కినప్పుడల్లా దాటే కాలం పెరుగుతుంది. నిమిషాలు, గంటలు, ఏళ్లు, యుగాలు. ఆ బటన్ ఉన్న గదిలోంచి, గోడలు శిథిలమయ్యేదాకా, బయటపడే దారి ఉండదు. మీ వ్యాసాలకు అలాంటి బటన్ ఒకటి పెట్టమని నేను సంపాదకులను కోరదామనుకుని, గది గోడలు శిథిలమైన తీరు గుర్తొచ్చి మానుకున్నాను.

మీకు తగ్గ గేమ్ లేకపోలేదు. డేవిడ్ ఓరైలీ 2014లో ఒక డాలరుకు అమ్మిన 'మౌంటెన్'. తెర మీద ఒక కొండ తిరుగుతుంటుంది. మౌస్‌తో చేసేది ఏమీ లేదు, కీబోర్డుతో చేసేది ఏమీ లేదు అని ఆ గేమే చెబుతుంది. చేతులు కట్టుకుని చూడ్డానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ మాట నమ్మకుండా కీలు నొక్కి చూసినవాళ్లకు సంగీత స్వరాలు వినబడ్డాయి.

ఎస్టోనియా నుంచి 2019లో వచ్చిన 'డిస్కో ఎలీసియం' గురించి రెండు ముక్కల్లో తేలుస్తాను, ఎందుకంటే పది లక్షలకు పైగా మాటలున్న ఆ గేమ్ మీద మీరు కోటి మాటలు రాసేశారు. పురస్కార వేదిక మీద దాని కర్తలు మార్క్స్, ఎంగెల్స్‌లకు కృతజ్ఞతలు చెప్పారు, మీరు పులకించారు. 2022లో తెలిసింది, ఆ ముఖ్య రచయితలే కంపెనీలోంచి ముందే బయటపడ్డారని. వాటాల తగాదా కోర్టుకెక్కింది. పెట్టుబడి మీద అంత విశ్లేషణ చేసిన మీకు ఆ కంపెనీ వాటాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో అప్పటిదాకా పట్టలేదు.

మన ఊరి సంగతి అడక్కండి. మన పత్రికల్లో వీడియో గేమ్ రెండు చోట్ల కనబడుతుంది: పిల్లలు పాడైపోతున్నారన్న పేజీలో, పరిశ్రమ వేల కోట్లకు చేరిందన్న పేజీలో. గేమ్ నిర్మాతల సదస్సు హైదరాబాద్‌లోనే ఏళ్ల తరబడి జరిగింది, ఫొటోలో మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తుండేవారు. గుజరాత్‌లోని ఒక చిన్న ఊళ్లో స్టూడియో ఓలియోమింగస్ అనే బృందం, మీర్ ఉమర్ హసన్ అనే లేని రచయితను పుట్టించి, అతని రాతల పేరుతో గదులూ మ్యూజియంలూ కట్టి వింత గేములు చేస్తోంది. కొన్ని ఊరికే దొరుకుతాయి. విదేశాల్లో వాటి మీద వలసపాలనానంతర సిద్ధాంతం పేరుతో రాతలు వచ్చాయి. మన దగ్గర తిట్టినవాళ్లూ లేరు. లేని రచయిత సమగ్ర సాహిత్యం ఎక్కడ దొరుకుతుందని అడిగే పాఠకుడు కూడా లేకపోవడం ఎంత లోటు!

పోనీ, మన వంటింటి గేమ్ ఒకటుంది, దాంతోనైనా దారికొస్తారేమో చూద్దాం. టొరంటోలోని విసై గేమ్స్ 2023 జూలైలో 'వెన్బా' విడుదల చేసింది. 1980ల చివర తమిళనాడు నుంచి కెనడా వెళ్లిన జంట, వాళ్ల కొడుకు, అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం. 2024లో బాఫ్టా తొలి గేమ్ పురస్కారం అందుకుంది. వలస, అస్తిత్వం, తరాల మధ్య అగాధం అని మీరు రాశారు, అన్నీ ఉన్నాయి, తప్పు పట్టను. గంటన్నరకే అయిపోతోందని సణిగారు, పజిల్స్ మరీ తేలికని పెదవి విరిచారు. మొదటి వంట ఇడ్లీ. పుస్తకంలో సిరా చెరిగిపోయి, పాత్రలో రేకుల మీద రేకులు ఎలా పేర్చాలో కనబడదు. కింద రేకులోని పిండికి పై రేకు అడ్డం పడకుండా, ఆవిరి పైదాకా పోయేట్టు తిప్పి పెట్టుకోవాలి. మన ఇళ్లలో పొద్దున్నే నిద్రకళ్లతో చేతులు చేసేసే పని ఇది. ఎవరూ నేర్పినట్టు గుర్తుండదు, ఎందుకలా పెడతామో అడిగితే చెప్పలేం. ఇడ్లీ పాత్ర ఎన్నడూ చూడని ఒక కెనడా కుర్రాడు కంట్రోలర్ పట్టుకుని రేకు తప్పుగా పెట్టి, మళ్లీ తీసి, తిప్పి పెట్టినప్పుడు, మన అమ్మల మణికట్టులో ఉన్న తెలివి పిసరంత వాడి వేళ్లలోకి దిగుతుంది. మీరు తేలిక అని కొట్టేసిన పజిల్ అదే.

కాబట్టి విమర్శక శిఖామణులారా, అస్తిత్వ సంక్షోభం రేపటి సంచికలో రాద్దురుగాని. ముందు ఆ రేకులు ఎటు తిప్పి పెట్టారో, ఇడ్లీ ఉడికిందో లేదో చెప్పండి.